ఆరు మిల్లీమీటర్ల మర్యాద

తుపాకుల మేస్త్రిని క్లబ్బులో అందరూ ‘మిల్లీమీటరు’ అని పిలిచేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనకది బిరుదులా వినిపించేది. షూటింగ్ రేంజి వెనక రేకుల కప్పు కింద ఒకే ఒక్క గది ఆయన వర్క్‌షాపు. అందులో ఒక పొడుగాటి బల్ల, రైఫిల్‌కి గీతలు పడకుండా దవడలకి మెత్తటి గుడ్డ అంటించిన, పట్టి బిగించే వైసు, గోడకి వరసగా వేలాడే స్క్రూడ్రైవర్లు ఉండేవి. రైఫిల్ మీద బిగించే దుర్భిణిలాంటి స్కోపు ఎంత ఎత్తున కూర్చోవాలో ఆయన ఒకసారి చెప్పాడంటే ఇక తిరుగులేదు. ఇరవై రెండేళ్ళలో ఎవరి కొలతా రెండోసారి తీయలేదని చెప్పుకునేవాడు. అడక్కపోయినా చెప్పేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక సోమవారం ఉదయం వియ్యపురాలు రైఫిల్ సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

ఆవిడ ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఏడాది క్రితం కోడలితో కలిసి, అంటే మేస్త్రి కూతురితో, ఊరికే చూద్దామని క్లబ్బుకి వచ్చింది. చూసి ఊరుకోలేదు. చెయ్యి వణకదు, కన్ను చెదరదు. ఆర్నెల్లు తిరక్కుండానే అరవై దాటినవాళ్ళ జట్టులో చోటు కొట్టేసింది.

“అన్నయ్యగారూ, ఖాళీగా ఉన్నారా?”

“మీరొస్తే ఖాళీ చేసుకోనా చెల్లెమ్మగారూ! కూర్చోండి, కూర్చోండి.”

మేస్త్రి కుర్చీ మీది సామాను కింద పెట్టి తువ్వాలుతో తుడిచాడు. తువ్వాలుకి తుపాకీ నూనె అంటి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. కంగారుగా చొక్కా చేత్తో మళ్ళీ తుడిచాడు. ఆవిడ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది. పిల్లల పెళ్ళై నాలుగేళ్ళైనా ఇద్దరి మధ్యా పెళ్ళిచూపుల నాటి బిగువు ఇంకా సడలలేదు.

“కొత్త స్కోపు కొన్నాను. పోటీకి ఇంకా పదమూడు రోజులుంది. మీ చేత్తో బిగించి పెట్టాలి.”

మేస్త్రి స్కోపుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పని మాట వచ్చేసరికి ఆయన గొంతు మామూలైంది.

“చూడండి, ఇందులో రెండు ఎత్తులుంటాయి. ఒకటి తుపాకీ అడిగేది, రెండోది మనిషి అడిగేది. ముందు తుపాకీ సంగతి.” వెర్నియర్ కాలిపర్స్ దవడల మధ్య స్కోపు ముందు కొస పెట్టాడు. “యాభై. అందులో సగం పాతిక. స్కోపు కూర్చునే ఈ పట్టీ, దీన్ని రైలంటాం, తుపాకీ గొట్టం కన్నా నాలుగు ఎత్తులో ఉంది, అది తీసెయ్యండి. గొట్టానికీ స్కోపుకీ మధ్య గాలాడ్డానికి ఒక మూడు కలపండి. ఇరవై నాలుగు. స్కోపు నడిమధ్య గీత రైలు మీంచి ఇరవై నాలుగు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. తగ్గితే పొట్ట గొట్టానికి తగులుతుంది.”

“ఎవరి పొట్ట?”

“స్కోపుదండీ!” అని మేస్త్రి నాలిక్కరుచుకున్నాడు.

ఇక రెండో ఎత్తు. షూటరు రైఫిల్ వెనక ఉండే చెక్క మడమ మీద చెంప ఆన్చి పడుకున్నప్పుడు కన్ను ఎక్కడుంటుందో అక్కడే స్కోపు ఉండాలి. కన్ను కోసం తల ఎత్తినా దించినా గురి చెదురుతుంది. వేరే ఎవరైనా అయితే మేస్త్రి మెడ మీద అరచెయ్యి వేసి, “ఆన్చు బాబూ, గట్టిగా ఆన్చు” అని నొక్కేవాడు. వియ్యపురాలి మెడ మీద చెయ్యి వెయ్యడం మాట అటుంచి, ‘మీ బుగ్గ’ అనడానికే ఆయనకి నోరు రాలేదు.

“ఆ… ముఖభాగాన్ని… కొంచెం ఆ చెక్కమీద ఉంచి, కళ్ళు మూసుకోండి. హాయిగా అనిపించాక తెరవండి.”

రెండు మూరల దూరంలోనే నిలబడి ఆయన తన ఉపాయం బయటికి తీశాడు. సన్నటి చిల్లులున్న రెండు అట్టముక్కలు. ఒకటి రైలు ముందు కొసన, ఒకటి వెనక కొసన నిలబెట్టి, రెండిటినీ ఒకే ఎత్తున జరుపుతూ పోవాలి. రెండు చిల్లుల్లోంచీ ఒకేసారి దూరంగా ఉన్న టార్గెట్ కనిపించిన చోటే కన్ను ఎత్తు.

“కనపడుతోందా?”

“లేదు.”

“ఇప్పుడు?”

“ఊహూఁ. కొంచెం పైకి. ఇంకాస్త. ఆఁ, ఆగండి, కనపడుతోంది!”

ముప్పై రెండు. మళ్ళీ చేశారు, ముప్పై రెండు. మూడోసారీ అంతే. మేస్త్రి మొహం వెలిగిపోయింది. స్కోపుని పట్టి ఉంచే రింగులు ఆయన దగ్గర మూడు ఎత్తుల్లో ఉన్నాయి: ఇరవై, ఇరవై ఆరు, ముప్పై రెండు. “మీకోసమే కొలిచి చేసినట్టుంది చెల్లెమ్మగారూ” అంటూ ముప్పై రెండు రింగులు వేసి, నాలుగేసి స్క్రూలూ మార్చి మార్చి సమానంగా బిగించాడు.

బుధవారం ఆవిడ ప్రాక్టీసుకి వచ్చింది. పది గుండ్లూ పది దిక్కులకి పోయాయి.

మేస్త్రి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆవిడ తల మడమ మీంచి పైకి లేస్తోంది, దిగుతోంది, నీళ్ళు తాగే కోడిలా. సాయంత్రం కూతురికి ఫోన్ చేశాడు.

“మీ అత్తగారికి ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది నాన్నా.”

“కళ్ళేమైనా…”

“కళ్ళు బాగానే ఉన్నాయి.”

“మరి?”

“నన్ను అడక్కు నాన్నా” అని కూతురు ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం మేస్త్రి తన ఇరవై రెండేళ్ళ రికార్డుని పళ్ళబిగువున పక్కన పెట్టి రెండోసారి కొలిచాడు. ముప్పై రెండే. స్కోపు విప్పి మళ్ళీ బిగించాడు. రైఫిల్‌ని వైసులో పెట్టి తనే పేల్చాడు. అయిదు గుండ్లూ ఒక్క బొత్తాం కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి. “ఇహ చూసుకోండి!” అని ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ రేంజిలోకి వెళ్ళింది. మళ్ళీ చెదిరిపోయాయి.

“గాలి ఉంది” అన్నాడు మేస్త్రి. గాలి లేదు. రేంజి చివర జెండా చచ్చిన చేపలా వేలాడుతోంది.

“తప్పు నాదేలెండి అన్నయ్యగారూ. మీ పనికి వంక లేదు” అంది ఆవిడ. ఆ మర్యాద ఆయనకి ఇంకా మంట పుట్టించింది. అప్పటికే జట్టులోవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. జట్టు కెప్టెన్, ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, వర్క్‌షాపు గుమ్మంలోకి వచ్చి మరీ, “ఏం మిల్లీమీటరూ, ఇప్పుడు నిన్ను సెంటీమీటరు అనాలా?” అని పోయాడు. ఆ పూట మేస్త్రికి అన్నం సయించలేదు.

మరుసటి బుధవారం అసలు సంగతి బయటపడింది.

ప్రాక్టీసు మధ్యలో ఆవిడ నీళ్ళ కోసం లేచి వెళ్ళింది. బల్ల మీద గుండ్ల పెట్టెలు రెండున్నాయి. చేతిలో ఉన్న కొత్త గుండ్లు నింపి పెడదామని మేస్త్రి తనకి దగ్గరగా ఉన్న పెట్టె మూత తీశాడు. పెట్టెలోంచి పైవరసా కిందవరసా ఆయన్ని చూసి ఇకిలించాయి. పూర్తి పళ్ళసెట్టు. తెల్లగా, శుభ్రంగా, ఒక్క పన్నూ తక్కువ కాకుండా.

మేస్త్రి మూత వేసేశాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూశాడు. గుండె మాత్రం దొంగతనం చేసినవాడిలా కొట్టుకుంటోంది.

అప్పుడు మొత్తం లెక్క తేలింది. వియ్యంకుడి ముందు కూర్చున్నప్పుడు ఆవిడ పళ్ళు పెట్టుకునే కూర్చుంది, మర్యాద కదా. పళ్ళుంటే చెంప నిండుగా ఉంటుంది, తల ఎత్తుగా నిలుస్తుంది. గురి చూసేటప్పుడు మాత్రం పళ్ళు తీసేస్తోంది. చెంప లోపలికి పోతుంది, కన్ను దిగిపోతుంది.

ఆ మధ్యాహ్నం కూతురు పనిచేసే మందుల షాపుకి వెళ్ళాడు.

“తెలిసిపోయింది” అన్నాడు కౌంటరు మీద చేతులానించి.

కూతురు అటూ ఇటూ చూసింది. “నేను చెప్పలేదు నాన్నా! ఒట్టు వేయించుకుంది. ‘మీ నాన్నకి తెలిస్తే ఆయన మొహం చూడలేను’ అంది. పది రోజుల నించీ అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను.”

“అసలెందుకు తీసేస్తుందే?”

“ఊపిరి బిగబట్టగానే పైసెట్టు జారి టక్కుమంటుందట. సరిగ్గా మీట నొక్కే క్షణంలో. ఉలిక్కిపడుతుంది.”

“పళ్ళు లేకుండా ఎంత తగ్గుతుందో తెలిస్తే చాలు. నువ్వు ఇంట్లో కొలుస్తావా?”

“స్కేలు పట్టుకుని అత్తగారి దవడ దగ్గరికి వెళ్ళమంటావా? నా కాపురం ఏం కాను!”

చివరికి మేస్త్రే ఒక దారి కనిపెట్టాడు. గురువారం ఆవిడ ప్రాక్టీసు చేస్తుంటే పక్క నించి, చాలా దూరం నించి, ఫోనుతో ఒక ఫొటో తీశాడు. స్కోపు వెనక కొస వ్యాసం ఆయనకి తెలుసు, నలభై రెండు. దాన్నిబట్టి ఫొటోలో కన్ను ఎంత కిందుందో లెక్క కట్టాడు. ఆరు మిల్లీమీటర్లు. ముప్పై రెండులో ఆరు పోతే ఇరవై ఆరు. తుపాకీ అడిగిన ఇరవై నాలుగు కన్నా ఎక్కువే, కాబట్టి పొట్ట తగిలే భయమూ లేదు. శనివారం ‘నూనె వేస్తానివ్వండి’ అని రైఫిల్ తీసుకుని, చడీచప్పుడు లేకుండా మధ్య రింగులు వేసి, టార్గెట్ మీద గురి సరిచేసి సంచీలో పెట్టేశాడు. ఒక్క మాట అనలేదు. ఇంతకన్నా సున్నితంగా ఎవరూ చెయ్యలేరనుకుని, ఆ పూట రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నాడు.

ఆదివారం పొద్దున్న పోటీ. రెండు జట్లూ, బంధువులూ, వెనక బెంచీల మీద. అయిదు గుండ్లు అలవాటుకి, ఇరవై గుండ్లు లెక్కకి. వియ్యపురాలు చాప మీద పడుకుంది. మొదటి గుండు ఎక్కడో పోయింది. రెండోది ఇంకెక్కడో. మూడోసారి ఆవిడ చెంపని చెక్కకేసి అదిమి, బాధగా మొహం చిట్లించింది.

మేస్త్రి పక్కనున్న కూతురి వైపు తిరిగాడు. కూతురి మొహం పాలిపోయి ఉంది.

“నాన్నా, నీతో చెప్పడం మర్చిపోయాను. ‘నా మూలాన అన్నయ్యగారికి చెడ్డపేరు వస్తోంది, ఆయన కొలిచినట్టే కాలుస్తాను, టక్కుమంటే అననీ’ అని ఇవాళ పళ్ళు పెట్టుకునే వచ్చింది.”

“ఇప్పుడా చెప్పడం! నేను రింగులు మార్చేశాను!”

“ఏ ఎత్తుకి?”

“పళ్ళు లేని ఎత్తుకే!”

నాలుగో గుండు పేలింది. టార్గెట్ అంచు కూడా తగల్లేదు. అలవాటు గుండ్లలో ఇంకొక్కటే మిగిలింది.

మేస్త్రి గీత దాటి, అంపైరుకి చెయ్యెత్తి సైగ చేసి, వియ్యపురాలి చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగేళ్ళలో ఆవిడకి అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ కూర్చోలేదు.

“చెల్లెమ్మగారూ, తప్పుగా అనుకోకండి. పళ్ళు తీసెయ్యండి.”

ఆవిడ తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. “ఎవరు చెప్పారు?”

“పళ్ళే చెప్పాయి. బుధవారం పెట్టె తెరిచాను. శనివారం ఆరు మిల్లీమీటర్లు దించాను. మీకు చెప్పడానికి మొహమాటపడ్డాను.”

“నాకోసం దించారా?”

“మరి మీరు నాకోసం పెట్టుకున్నారు కదా!”

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని మేస్త్రి బెదిరిపోయాడు. ఆవిడ నవ్వుతోంది. రైఫిల్ మీద నించి చేతులు తీసి, అటు తిరిగైనా తిరక్కుండా, రెండు జట్లూ చూస్తుండగానే రెండు సెట్లూ తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

“పట్టుకోండి అన్నయ్యగాలూ. ఝాగ్లత్త.”

అంపైరు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. “షూటరుకి బయటివాళ్ళు సామాను అందించకూడదండీ.”

“అందించడం లేదు బాబూ” అన్నాడు మేస్త్రి. “తీసుకుంటున్నాను.”

అంపైరు ఆ అరచేతిలోకి ఒక్కసారి చూసి, నిబంధనల పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు.

అయిదో గుండు పదిలో పడింది. తర్వాత ఇరవైలో పదహారు పదులు, నాలుగు తొమ్మిదులు. ఒక్కోదానికీ వెనక బెంచీ మీద డ్రిల్లు మాస్టారు లేచి కూర్చుని లేచి కూర్చుని బెంచీనే అరగదీశాడు. మేస్త్రి మాత్రం కదల్లేదు. జేబురుమాలులో చుట్టిన వియ్యపురాలి పళ్ళు రెండు చేతుల్తో పట్టుకుని, పసిపిల్లని ఎత్తుకున్నవాడిలా నిలబడ్డాడు. జట్టు రెండు పాయింట్ల తేడాతో రెండో స్థానంలో ఆగింది. విడివిడి స్కోర్లలో ఆవిడే మొదటిది.

అందరూ చుట్టూ మూగినప్పుడు ఆవిడ పళ్ళు అడిగి పుచ్చుకుని, కొళాయి దగ్గర కడుక్కుని పెట్టుకుంది. కోడలి భుజం మీద చెయ్యి వేసి, “నీ ఒట్టు తీరిపోయిందిలే” అంది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది.

“ఒక్క మాట అన్నయ్యగారూ. ఈసారి కొలిచేటప్పుడు ‘ముఖభాగం’ అనకండి. బుగ్గ అనండి. నాకు నవ్వాపుకోవడం కష్టమవుతోంది.”

“బుగ్గ” అన్నాడు మేస్త్రి, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు.

మర్నాడు సోమవారం వర్క్‌షాపు తలుపు తీసేసరికి గుమ్మంలో జట్టు మొత్తం నిలబడి ఉంది, ముందు డ్రిల్లు మాస్టారు. “మా కొలతలన్నీ మళ్ళీ తియ్యాలి” అన్నాడాయన తల గోక్కుంటూ. ఎవరూ నిజం చెప్పి కొలిపించుకోలేదట. ఒకరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఒకరు చెవి మిషను తీశారు. ఇద్దరు అటు తిరిగి పళ్ళు తీశారు. డ్రిల్లు మాస్టారు ఆఖర్న, ఎవరూ కలలో కూడా అనుకోని విధంగా, విగ్గు తీసి వాటి పక్కన పెట్టాడు.

“విగ్గుకీ కన్ను ఎత్తుకీ సంబంధం లేదండీ” అన్నాడు మేస్త్రి.

“తెలుసులే. అందరూ తీస్తుంటే నేనొక్కణ్ణే ఎలా ఉంచుకోను?”

మేస్త్రి నవ్వుతూ అట్టముక్కలు చేతిలోకి తీసుకుని, చెవి మిషను తీసినాయనకి వినపడేలా గట్టిగా అరిచాడు. “ముందు మీరు రండి! బుగ్గ ఆన్చండి!”