కొంగులో ఉప్పుచెమ్మ

త్రిపురాంతకం బజారులో గురునాథం దుకాణం పొద్దుపొడుపుతోనే తెరుచుకుంటుంది. తలుపు తీయకముందు అతను తాళాన్ని తిప్పి తిప్పి చూస్తాడు, రాత్రి ఎవరన్నా కదిలించారేమోనని. తర్వాత త్రాసు చూస్తాడు. ఆ తర్వాత ఉప్పుబస్తాల మూతులు. భార్య రామతులసమ్మ పెట్టిన మజ్జిగను కూడా వెలుతురుకు ఎత్తి పట్టి, నీళ్లెన్ని కలిపిందో చూసిగానీ తాగడు. దొంగను అనుమానించడం జాగ్రత్త. అందరినీ అనుమానించడం రోగం. ఆ రోగం ఉన్నవాడికి తప్ప ఊరందరికీ కనిపిస్తుంది.

ఆదివారం ప్రార్థన ముగిశాక గూడెం నుంచి లీదియా వస్తుంది. గురునాథం ఉప్పుబండి తోలే ఇస్సాకు ఆమె భర్త. ఆమె పుట్టిల్లు సముద్రపు ఒడ్డున. కాపురానికి వచ్చినప్పటి నుంచీ, ఆ ఒడ్డున వచ్చే వారం ఎట్లా ఉంటుందో ఆమె కొంగు చివర ముందుగా తెలుస్తుంది. అక్కడ ఎండ కాసేటట్టయితే కొంగు గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది. గాలి లేచేటట్టయితే, ఇక్కడ వేపాకైనా కదలని మధ్యాహ్నం పూట, ఆ కొంగు పడమటికి రెపరెపలాడుతుంది. వాన పడేటట్టయితే తడుస్తుంది.

గూడెంలో ఎవరికైనా ఆ వైపు పని పడితే, "లీదియమ్మా, ఇట్ల రా" అని పిలిచి, కొంగు పిండి ఒక చుక్క నాలుక మీద వేసుకుంటారు. చప్పగా ఉంటే వాన. గొంగడి తీసుకొని బయలుదేరవచ్చు. ఏ కొన్నేళ్లకో ఒకసారి ఉప్పగా ఉంటుంది. అంటే సముద్రమే గట్టు దాటి వస్తుందన్న మాట. అప్పుడు ఎవరూ పోరు.

గురునాథం మాత్రం ఆ చుక్క ఎన్నడూ నోట వేసుకోలేదు. గూడెం మనిషి కొంగు పిండిన నీళ్లు నాలుకకు తగిలితే కులంలో తలెత్తుకోలేడు. అందుకని ఆమె అరుగు కింద నిలబడి చెబుతుంది, అతను అరుగు మీద కూర్చొని వింటాడు. తాను రుచి చూడని దాన్ని నమ్మాల్సి రావడం అతనికి ప్రతి వారమూ ముల్లులా గుచ్చుకునేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక రెండో చైత్రం అది. ఉప్పుమడులు తెల్లగా పండే కాలం. ముందు పోయినవాడికి మంచి ఉప్పు దొరుకుతుంది. ఉప్పుకు మారకంగా ఇచ్చే చింతపండు బస్తాలు బండ్లకెత్తి ఉన్నాయి. మరునాడే ప్రయాణం. పక్క అంగడి ఉమామహేశ్వర్లు బండ్లు కూడా సిద్ధంగా ఉన్నాయి.

ఆ ఆదివారం ఎండన పడి వచ్చిన లీదియా దాహమంటే, రామతులసమ్మ అరుగు మీద నుంచే చెంబుతో పోసింది. లీదియా వంగి, దోసిలి పట్టి తాగింది. నోరు తుడుచుకొని చెప్పింది.

"సెట్టయ్యా, ఈ వారం బండ్లు పంపొద్దు. ఉప్పగా ఉండాది."

గురునాథం ఆమె కొంగు వైపు చూశాడు. చివర తడిసి ఉంది.

"చైత్రంలో ఉప్పెన ఏంది? పంచాయతీ రేడియో నిన్ననే చెప్పింది. కోస్తాలో వారమంతా పొడిగానే ఉంటాదంట. అబద్ధం చెప్పేదానికి రేడియోకు బండి తోలే మొగుడు లేడు."

అరుగు మీద ఉన్నవాళ్లు నవ్వారు.

"రేడియో సంగతి నాకు తెలవదయ్యా. నా కొంగు సంగతే చెప్తున్నా."

"ఉమామహేశ్వర్లు ఏం చెప్పమన్నాడు నీకు? నా బండ్లు ఆగితే ఎవరికి లాభమో నాకు తెలవదా?"

"ఆయన అంగడి మెట్టు కూడా నేను ఎక్కలేదు."

"మరి ఆ తడి ఏంది? ఇప్పుడు మా ఇంటిది పోసిన చెంబునీళ్లే కదా?"

లీదియా కొంగు ముందుకు చాపింది. "నాలిక మీద వేసుకొని చూడు సెట్టయ్యా."

గురునాథం ముఖం నల్లబడింది. లేచి నిలబడ్డాడు.

"పొద్దున్నే ఇస్సాకు బండి కట్టాల. కట్టకపోతే మళ్లీ నా ఎడ్ల మీద చెయ్యి వేసే పని లేదు."

ఇస్సాకుకు వేరే పని లేదు. సొంత సెంటు భూమి లేదు. ఆ బండి పోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. బండి తోలితే ఏమవుతుందో భార్య చెప్పింది. అన్నీ విని, తెల్లవారగానే వచ్చి అతను ఎడ్లకు కాడి ఎత్తాడు.

రెండో బండి తోలే ఓబులయ్య వెనక నుంచి కేకేశాడు. "మావా, నీకు ఈత వచ్చునా?"

"ఎద్దుకొచ్చులే. తోక పట్టుకుంటా."

"రెండు తోకలూ నువ్వే పట్టుకోబాకు. ఒకటి నాకు మిగుల్చు."

ఇద్దరూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

లీదియా బండి పక్కన నిలబడి ఉంది. ఆ పూట ఆమెకు ఎవరూ నీళ్లు పోయలేదు. కొంగు చివర నుంచి చుక్కలు రాలి కింద దుమ్ము నల్లబడుతోంది. గురునాథం చూశాడు.

"వస్తా వస్తా బావి కాడ ముంచుకొని వచ్చినట్టుంది" అన్నాడు.

అప్పుడు రామతులసమ్మ అరుగు దిగింది. బజారు జనం మధ్య నుంచి నడిచి లీదియా దగ్గరికి పోయింది. కొంగు చివర తన చేత్తో పట్టుకుంది. అరచేతిలోకి పిండి, నాలుక మీద వేసుకుంది.

"ఏమే, మతి పోయిందా?" అని గురునాథం అరిచాడు. "ఇంట్లో దేవుడున్నాడు!"

ఆమె ముఖం ముడుచుకుంది. పెదవులు తుడుచుకోలేదు.

"ఉప్పు" అంది.

"నువ్వు కూడా వాళ్లతో కలిసినావా?"

ఆమె బండిచక్రం ఆకుకర్ర మీద కాలు పెట్టి, బండి పక్క గూటం పట్టుకొని పైకెక్కింది. చింతపండు బస్తాల మీద చీర సర్దుకొని కూర్చుంది.

"నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. వారమంతా పొడిగా ఉంటాదని మీరే అన్నారు కదా. చూసొస్తా. తోలు నాయనా ఇస్సాకూ."

ఇస్సాకు ములుకర్ర పట్టుకొని గురునాథం వైపు చూశాడు.

"దిగు" అన్నాడు గురునాథం.

"ఎందుకు?"

"దిగమంటున్నా."

"చెంబునీళ్లకు నాకేమవుతాది?"

బజారంతా గురునాథాన్నే చూస్తోంది. బండి మీద ఇస్సాకు ఒక్కడే ఉన్నంతసేపు ఆ ఉప్పు అబద్ధం. రామతులసమ్మ ఎక్కి కూర్చోగానే అది నిజమైంది. ఈ సంగతి జనానికి ముందు అర్థమైంది, అతనికి తర్వాత. లీదియా అబద్ధం చెప్పిందని తాను నిన్న కూడా నమ్మలేదు. ఇంకొకడి ప్రాణం కాబట్టి అనుమానించడం సులువైంది, అంతే.

అతను ఎడ్ల ముందుకు నడిచాడు. పలుపులు విప్పడం అతనికి అలవాటు లేదు. వేళ్లు తడబడ్డాయి. దాపటెద్దు తల విదిల్చి కొమ్ముతో భుజాన్ని గీరింది. ఇస్సాకు సాయం పట్టలేదు. కాడి నేలకు దించేదాకా అందరూ చూస్తూ ఉన్నారు.

ఎదురుగా ఉమామహేశ్వర్లు కళ్లు చికిలించి చూశాడు. "గురునాథం ఊరకే బండ్లు ఆపేవాడు కాదు. ఇందులో ఏదో ఎత్తు ఉండాది" అని తన బండ్లు కూడా విప్పించాడు. అనుమానం మనిషికి మేలు చేయడం ఆ బజారులో అదొక్కసారే జరిగింది.

వారం చివర సముద్రం వచ్చింది. ఉప్పుమడులు, కొఠార్లు, బండ్లు విడిసే మైదానం అన్నీ మునిగాయని దొనకొండలో రైలు దిగినవాళ్లు చెప్పుకుంటూ వచ్చారు. గురునాథం దుకాణంలో కూర్చొని విన్నాడు. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని అడగలేదు.

ఆ మాట గూడెం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇస్సాకు ఇంటి కప్పు మీద కూర్చొని పాత బోదగడ్డి తీసి కొత్తది కప్పుతున్నాడు. లీదియా వాకిట్లో నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసింది. విన్న సంగతి చెప్పలేదు.

"దిగు, సంగటి చల్లారిపోతాది" అంది.

"ఈ వరస అయిపోనీ, వస్తా."

ఆమె లోపలికి పోయింది. పొయ్యి పక్కన అతని కంచం బోర్లించి ఉంది. దాన్ని వెల్లకిలా తిప్పి, నేల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చుంది.