రుమానా పేరులో దీర్ఘం

సుష్మిత గిటారులో పాట కంటే ముందు మోత వచ్చేది. ప్లగ్గు పెట్టి, కాలి కింద పెడల్ తొక్కితే చాలు, తీగ మీద ఇంకా వేలైనా పడకముందే స్పీకరు పెట్టెలోంచి గుయ్‌మని ఒక రొద బయల్దేరి గోదాము నాలుగు గోడలనూ పట్టుకునేది. దాని వెనకాలే సన్నగా సుయ్‌మని ఇంకొకటి. ఆ రెండింటి మధ్య పాట ఎక్కడుందో వినేవాళ్లే వెతుక్కోవాలి.

"ఇంక తడి ఆరలే" అనేవాడు అంబదాస్. ఆయన సుష్మిత తండ్రి, ఆర్మూర్‌లో పసుపు కమీషన్ వ్యాపారి. రైతు తెచ్చిన పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిచి, ఆ చప్పుడును బట్టే అది ఎంత ఎండిందో చెప్పేస్తాడు. టక్కున విరిగితే ఎండిన సరుకు, మెత్తగా విరిగితే ఇంకా కల్లంలో పడి ఉండాల్సిన సరుకు. లోకంలో దేన్నైనా ఆయన ఈ రెండు గంపల్లోనే వేస్తాడు. చుట్టాలను, నాయకులను, కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరును, చివరికి కన్నకూతురి గిటారును కూడా.

సుష్మితకు ఈ మాట కొత్త కాదు. పొద్దున మార్కెట్ యార్డులో తండ్రి పక్కన నిలబడి లావాదేవీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేది, మధ్యాహ్నం గోదాములో కూర్చుని గిటారు మీటేది. రొద ఉంటే ఉండనీ, వినేది నేనే కదా అనుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు మాత్రం అలా అనుకునే వీలు లేకుండా పోయింది. పక్కింటి రుమానా పెళ్లి కుదిరింది.

రుమానా, సుష్మిత ఒకే బెంచీ మీద చదివి, ఒకే గొడుగు కింద తడిసిన వాళ్లు. పెళ్లికొడుకు సౌదీలోని దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. రంజాన్ వెళ్లాక పెళ్లి, ఆ వెంటనే అతనితో పాటు రుమానా ప్రయాణం. పెళ్లికి ముందు పెళ్లికూతురికి పసుపు రాసే వేడుకను వాళ్లు మాంజే అంటారు. వాళ్లది ఇరుకు ఇల్లు కాబట్టి మాంజే మన గోదాము ముందరి కల్లంలోనే జరగాలని అంబదాస్ తనంతట తానే పోయి చెప్పొచ్చాడు. పసుపు కూడా తన కొట్టుదే వాడాలన్నాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మాంజే నాడు రుమానా నాయనమ్మ నసీమ్ ఢోలక్ ముందు పెట్టుకుని పాట ఎత్తుకుంటుంది. పాట చివర పెళ్లికూతురిని పేరు పెట్టి పిలిచి, ఆఖరి అక్షరం మీద దీర్ఘం తీస్తుంది. ఆడవాళ్లు పాదాల దగ్గర మొదలుపెట్టిన పసుపు నుదుటి దాకా చేరేవరకు ఆ దీర్ఘం తెగకూడదు. ఇంట్లోని ఆడపిల్లలందరినీ ఆమె అలాగే పిలిచి పంపింది. కానీ రుమానా అక్క మహెక్ మాంజేలో ఆమెకు ఊపిరి చాలలేదు. పసుపు ఇంకా మోకాళ్ల దగ్గర ఉండగానే గొంతు తెగిపోయింది. నసీమ్ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఈసారి పాడనే పాడనని ముందే చెప్పేసింది.

రుమానా వచ్చి గోదాములో పసుపు బస్తా మీద కూర్చుని ఈ సంగతంతా చెప్పింది. మామూలు గిటారు తీగ మీటితే శబ్దం కాసేపటికే ఆరిపోతుంది. సుష్మిత పెడల్ తొక్కితే మాత్రం అదే శబ్దం మండుతూ సన్నాయిలా నిలబడుతుంది. దాదీ ఊపిరి ఆగిన చోట నువ్వు అందుకోవాలని రుమానా అడిగింది.

"అందరి పేర్లు నిండుగ పిలిచింది దాదీ. నాది నడుమల తెగొద్దు సుష్మీ. గంతే."

సుష్మిత సరేనంది. చిన్నప్పటి నుంచి ఆమె ఆ పిల్లకు దేనికీ కాదనలేదు. ఎలాగో బతిమాలి మర్నాడు నసీమ్‌ను గోదాముకు తీసుకొచ్చారు. ఆమె నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, చున్నీ సర్దుకుని, "ఊ, వినిపియ్యి" అంది. సుష్మిత పెడల్ తొక్కింది. రొద గుయ్‌మని లేచింది. నసీమ్ చేతులు రెండూ చెవుల మీదికి వెళ్లాయి.

"గిది నా పాటకు తోడా బేటా? కందిరీగల తుట్టె లెక్కుంది. నా గొంతే సన్నగైంది, దీని నడుమ ఎవరికినపడ్తది? గిది మోగితే నేను నోరు తెరువ" అని లేచి వెళ్లిపోయింది.

ఇక మన సుష్మితకు నిద్రాహారాలు లేవు. తీగలు మార్చింది, వైర్లు మార్చింది, గోదాములో ట్యూబులైట్లన్నీ ఆర్పేసి చీకట్లో వాయించింది. రుమానా ఇంటికి మోసుకెళ్లి అక్కడి పాత రెండు రంధ్రాల ప్లగ్గులో పెట్టి చూస్తే మోత ఇంకా పెరిగింది. చివరికి ఆన్‌లైన్‌లో నాయిస్ గేట్ అనే ఇంకో పెడల్ తెప్పించింది. దాని పని కాపలా కాయడం. తీగ మోగుతున్నంతసేపు తలుపు తెరిచి ఉంచుతుంది, శబ్దం సన్నబడగానే రొద బయటికి రాకుండా మూసేస్తుంది. మొదటిసారి గోదాము నిశ్శబ్దమయ్యేసరికి స్నేహితురాళ్లిద్దరూ చేతులు పట్టుకుని గంతులేశారు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. దీర్ఘం మొదలై, సాగి, మెల్లగా సన్నబడేసరికి కాపలా పెడల్ దాన్ని కూడా రొదే అనుకుని తలుపు వేసేసింది. పేరు మళ్లీ సగంలోనే తెగింది. గేటు కాసేపు తెరిచి ఉండేలా తిప్పితే దీర్ఘంతో పాటు కందిరీగలూ వచ్చేస్తున్నాయి. దొంగను ఆపమంటే చుట్టాన్ని కూడా వాకిట్లోనే ఆపే కాపలాదారుతో ఏం చేస్తాం? రుమానా నవ్వుదామని చూసింది గానీ నవ్వు రాలేదు. పర్వాలేదులే, ఉత్తగా ఢోలక్ వాయిద్దామని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది. ఆ పర్వాలేదు అన్న మాటే సుష్మితను ఎక్కువ బాధపెట్టింది. మోతను అణచిపెట్టి లాభం లేదని, అది ఎక్కడ పుడుతుందో పట్టుకోవాల్సిందేనని ఆమె ఆ పూటే నిశ్చయించుకుంది.

చెవి పెట్టి వింటే ఒక సంగతి తెలిసింది. గోదాము చివర పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే ఇనుప డ్రమ్ము ఉంది. మోటారు వేసి దాన్ని గిరగిరా తిప్పితే పైపొట్టు రాలి కొమ్ములు బంగారంలా తేలతాయి. ఆ డ్రమ్ము తిరుగుతున్నంతసేపు గిటారు మోత బలంగా ఉంది. అన్నాల వేళకు డ్రమ్ము ఆపితే మోత తగ్గింది. పైగా డ్రమ్ము తిరిగేటప్పుడు తీగల మీద చెయ్యి పెడితే సన్నగా చీమలు పాకినట్టు ఉంది. ఇన్నాళ్లూ అది తన చేతి తిమ్మిరి అనుకుంది.

డ్రమ్ము దగ్గర పనిచేసే ఆశమ్మను అడిగింది. ఆశమ్మ కాళ్ల కింద ఒక చెక్క పలక ఉంది.

"జివ్వుమంటది బిడ్డా, అందుకే పలక మీద నిలబడ్తున్న. గచ్చు ఏసినప్పటి సంది గిట్లనే" అంది ఆశమ్మ, అదేదో ఎండకు గొడుగు పట్టుకోవడం లాంటి మామూలు సంగతి అన్నట్టు.

గచ్చు మాట సుష్మిత మనసులో గుచ్చుకుంది. కల్లంలో ఒకప్పుడు మట్టి నేల ఉండేది. కొమ్ములకు మట్టి అంటుతోందని అంబదాస్ రెండేళ్ల కిందట మొత్తం సిమెంటు గచ్చు చేయించాడు. అద్దంలా ఉంటుందది. దాని మీద చెప్పులతో ఎవరినీ నడవనివ్వడు, తానూ వట్టికాళ్లతోనే తిరుగుతాడు. వచ్చిన ప్రతి వ్యాపారికీ ముందు గచ్చు చూపించి, తర్వాతే చాయ్ పోస్తాడు.

ఆ గచ్చు మీద రోజూ పొద్దున్నే ఒక తగవు జరిగేది. అంబదాస్ తల్లి తారాబాయి స్నానం చేసి, చెంబు నిండా నీళ్లు తెచ్చి, గచ్చు మీద గోడవార ఒకే చోట పోసేది. ఆ నీళ్లు పారి ఎండబోసిన కొమ్ముల్లోకి వెళ్లేవి. అంబదాస్ చేటలు, గోనెలు పట్టుకుని వాటికి అడ్డం పరుగెత్తేవాడు. ముసలామె మొక్కు ఏదో ఉందనుకుని ఇంట్లో అందరూ ఊరుకున్నారు. మర్నాడు పొద్దున ఆ నీళ్లు పడుతుంటే సుష్మిత మొదటిసారి పక్కన కూర్చుని అడిగింది.

"గీ జాగలనే ఎందుకు పోస్తవు బాపమ్మా?"

"మీ తాత చెప్పిండు. మోటరు తెచ్చిన దినం ఈడ గుంత తీసిండు, బొగ్గులు పోసిండు, ఉప్పు పోసిండు, ఇనుప గొట్టం పాతిండు. దినాం చెంబెడు నీళ్లు పొయ్యి తారా, నువ్వు పోసినన్ని దినాలు ఇల్లు సల్లగుంటది అన్నడు. నేను పోస్తున్న. మీ బాపు దాని మీద గచ్చేస్తే నేనేం జేస్త?"

సుష్మితకు అప్పుడు అర్థమైంది. మిషన్లలో దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగు గుంత అది. తడి ఉంటేనే అది పనిచేస్తుంది. పసుపు వ్యాపారికి తడి అంటే పగ కదా, కొమ్ములతో పాటు ఎండకూడనిదాన్ని కూడా ఎండబెట్టి పైన అద్దంలాంటి గచ్చు వేశారు. భూమిలోకి పోయే దారి లేని కరెంటు డ్రమ్ములో తిరిగి, తీగల్లో తిరిగి, గిటారు పెట్టెలో మొత్తుకుంటోంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె బాపమ్మను గట్టిగా వాటేసుకుంది.

అంబదాస్ మాత్రం గచ్చు పగలగొట్టే మాటే ఎత్తవద్దన్నాడు. సీజన్ నడుమ, అదీ ఒక గిటారు కోసమా అన్నాడు. సుష్మిత వాదించలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లి, ఆశమ్మ కాళ్ల కింది పలకను చూపించింది. అదెందుకో ఆయనకు అర్థం కాలేదు. వేలి వెనకభాగంతో డ్రమ్మును అలా తాకాడు. కాళ్లకు చెప్పులు లేవు, తన నియమమే తనకు తగిలింది. జివ్వుమనేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రెండేళ్లుగా ఆ మనిషి పలక మీద నిలబడి పనిచేస్తుంటే తాను వచ్చిన వాళ్లకు గచ్చు చూపిస్తూ తిరిగానని ఆయనకు సిగ్గేసింది.

"నాకెందుకు చెప్పలే ఆశమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"చెప్పిన సేటూ. నువ్వు గచ్చు మీద నీళ్ల సంగతి చూస్తుంటివి" అంది ఆశమ్మ.

అంబదాస్ అప్పటికప్పుడే డ్రమ్ము ఆపించాడు. మోటార్లు బాగుచేసే ఎంకటికి కబురు వెళ్లింది. అతను గడ్డపార తెస్తే మొదటి దెబ్బ అంబదాసే వేశాడు, వేసేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. గచ్చు కింద గుంత దొరికింది. మన్ను పొడిపొడిగా, వేయించిన పిండిలా ఉంది. ఎంకటి తుప్పు పట్టిన తీగ తీసేసి కొత్తది బిగించాడు, బొగ్గులు, ఉప్పు మార్చాడు, డ్రమ్ము మోటారులో చెడిపోయిన వైరు కూడా మార్చాడు. తారాబాయి చెంబుతో వచ్చి నీళ్లు పోసింది. ఈసారి ఒక్క చుక్క కూడా కొమ్ముల వైపు పోలేదు, అన్నీ భూమి తాగేసింది. రెండేళ్ల తర్వాత తన మాట చెల్లినందుకు ఆమె ముఖం వెలిగిపోయింది.

సుష్మిత ప్లగ్గు పెట్టింది. పెడల్ తొక్కింది. గుయ్‌మనే రొద లేదు. సుయ్‌మనేది మిగిలింది గానీ, పెడల్ జోరు కాస్త తగ్గించేసరికి అదీ వినీవినపడనంత అయింది. గేటు పెడల్‌ను విప్పి పక్కన పెట్టేసింది. డ్రమ్ము మళ్లీ తిరిగినా, తీగల మీద చెయ్యి పెట్టినా చీమలు పాకలేదు. ఒక్క తీగ మీటింది. ఆ శబ్దం లేచి, నిలబడి, తనంతట తాను మెల్లగా ఆరిపోయేదాకా అంబదాస్ తల వంచి విన్నాడు.

"ఎండింది" అన్నాడు.

మాంజే నాడు కల్లం నిండా పసుపు పచ్చని బట్టలే. రుమానాను గచ్చు మీద చౌకీ వేసి కూర్చోబెట్టారు. పగలగొట్టిన చోట గుంత చుట్టూ ఇటుకలు పేర్చి, దాని మీద బంతిపూలు పెట్టింది తారాబాయి. మిషన్ మోగకపోతేనే పాడతానని చివరికి ఒప్పుకున్న నసీమ్ ఢోలక్ ముందు పెట్టుకుని సుష్మిత వైపు అనుమానంగా చూసింది.

"మిషన్ బందు పెట్టినవా బేటా?"

అప్పటికే పెడల్ మీద కాలుంది, ఎర్ర లైటు వెలుగుతోంది. పెట్టెలోంచి చిన్న సవ్వడి కూడా లేదు. సుష్మిత నవ్వింది. కందిరీగలు లేవని నమ్మకం కుదిరి నసీమ్ పాట ఎత్తుకుంది. సన్నని గొంతే, కానీ ఆ నిశ్శబ్దంలో కల్లం చివరి దాకా వినిపించింది. ఆడవాళ్లు చప్పట్లతో తాళం వేశారు. చివరికి ఆమె పెళ్లికూతురిని పేరు పెట్టి పిలిచి దీర్ఘం తీసింది. మహెక్ చెల్లెలి పాదాలకు పసుపు పెట్టి పైకి రాసుకుంటూ వస్తోంది. మోకాళ్లు దాటింది. నసీమ్ మెడలో నరాలు తేలాయి, గొంతు వణికింది. ఆ వణుకు కిందికి సుష్మిత తీగను మెత్తగా తోసింది.

ముసలి గొంతు ఎక్కడ ఆగిందో, గిటారు ఎక్కడ అందుకుందో ఎవరికీ తెలియలేదు. రుమానా పేరు అలాగే నిలబడి ఉంది. పసుపు చేతులకు వచ్చింది, బుగ్గలకు వచ్చింది. రుమానా కళ్లు మూసుకుని ఏడుస్తూ నవ్వుతోంది. మహెక్ నుదుటి మీద పసుపు పెట్టి చెయ్యి తీశాక, ఆ దీర్ఘం సన్నబడి, సన్నబడి, తనంతట తాను ఆగింది. మధ్యలో ఏ తలుపూ పడలేదు. కల్లంలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

"చూసిన్రా" అంది నసీమ్ అందరి వైపు తిరిగి, ఆయాసపడుతూ. "మిషన్ బందే ఉండే గదా. గదంతా నా దమ్మే."

ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. అంబదాస్ గోదాము గుమ్మంలో నిలబడి పైకండువాతో కళ్లు తుడుచుకుంటూ, పసుపు దుమ్ము పడిందని ఎవరూ అడగకుండానే చెప్పాడు. సుష్మిత మాత్రం ఎంతో బుద్ధిగా, అవును దాదీమా, అంతా నీ దమ్మే అని ఒప్పుకుంది. నసీమ్ ఆమెను దగ్గరికి పిలిచి, పసుపు చేత్తో బుగ్గ నిమిరి, ఎవరికీ వినపడకుండా చెవిలో చెప్పింది.

"నీ పెండ్లికి నీ పేరు గిట్లనే పిలుస్త బేటా. అప్పటిదాంక గా గుంతల నీళ్లు పోసుడు మానకు."

మర్నాడు పొద్దున గుంత దగ్గరికి రెండు చెంబులు వచ్చాయి.