సగం గిన్నె

"ఏంటమ్మాయ్, ఇంత నింపేశావ్? వచ్చినవాళ్లని తాగేసి లేచిపొమ్మంటున్నావా?" అంది మా అత్తగారు, పెళ్లయి వచ్చిన మర్నాడే, ఇంటినిండా చుట్టాలు కూర్చుని ఉండగా. మా కిర్గిజ్ వాళ్లం టీ గిన్నెల్లో తాగుతాం, గిన్నె నిండా పోస్తే ఇక దయచేయమన్నట్టు. సగం పోస్తే ఉండండి, మళ్లీ పోస్తాను అన్నట్టు. మర్యాద అతిథికి, మళ్లీ మళ్లీ పోసే పని కోడలికి. మా పుట్టింట్లోనూ ఇదే పద్ధతి. నాకు తెలియక కాదు, ఆ రోజు కంగారులో ఎక్కువ పడింది, అంతే. అప్పటినుంచి గుమ్మం పక్కన, టీ నీళ్లు కాగే సమోవార్ దగ్గర నా చోటు ఖాయమైపోయింది. మామగారు గిన్నె చాపుతారు, మా ఆయన చాపుతాడు, ఎదురింటి పెద్దాయన చాపుతాడు. నేను కాస్త డికాక్షన్, కాస్త మరిగే నీళ్లు, కాసిని పాలు కలిపి సగం సగం పోస్తూ ఉంటాను. మాటలన్నీ నా తల మీదుగా అటూ ఇటూ పోతుంటాయి. నా గిన్నె దగ్గరికి వచ్చేసరికి టీ చల్లారి మీగడ కట్టి ఉంటుంది.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, నన్ను పట్టించింది అదే కనక. మా కిర్గిజ్ ఇళ్లలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు. ఆ పేరులో రోజూ వాడే మాట ఏదైనా ఉంటే ఆ మాట కూడా నోట రాకూడదు, బదులుగా ఇంకోటి కల్పించుకోవాలి. పట్నాల్లో చాలామంది వదిలేశారు, మా ఊరు కోచ్కోర్‌లో మా అత్తగారు వదల్లేదు. గురువారం తర్వాత వచ్చే రోజు పేరు మా మామగారి పేరులో ఉంది. కాబట్టి నా వారంలో ఆ రోజు లేదు. 'గురువారం మర్నాడు ఉన్ని వడకాలి, గురువారం మర్నాడు పెద్దాయన మసీదుకి వెళ్తారు' అంటాను. మొదట్లో నాకే నవ్వొచ్చేది. రానురాను మనసులో అనుకునేటప్పుడు కూడా అలాగే రావడం మొదలైంది. ఎవరికీ వినిపించని నా తలలోకి కూడా ఈ ఇంటి పద్ధతి వచ్చి కూర్చుందంటే, ఇక నాది అనుకోడానికి చోటేదీ?

ఆ చోటు కోసమే బ్లాగు మొదలుపెట్టాను. ఫోన్లో వీడియోలు పెట్టే ఒక బిష్కెక్ పట్నం అమ్మాయి చెప్తూ ఉండేది: పొద్దున్నే ఐదింటికి లేవండి, ఆ గంట మీ ఒక్కరిదే, మిమ్మల్ని మీరు బాగుచేసుకోండి అని. చేతిలో కాఫీ, గోళ్లకి గులాబీ రంగు. నేను పెళ్లయినప్పటినుంచీ ఐదింటికే లేస్తున్నాను తల్లీ, బాగుపడింది మాత్రం మా ఆవే. అయినా ఆ పిల్ల మాట ఎక్కడో తగిలింది. పాలు పితకడం అయ్యాక బకెట్ కడిగి, బోర్లించి, దాని మీద కూర్చుని రాసేదాన్ని. ఏం చేస్తాం, మా ఇంట్లో సిగ్నల్ బాగా అందేది పశువుల పాకలోనే. వారానికి ఒక చిన్న ముక్క, దానికి ఒక బొమ్మ. బొమ్మలు వెయ్యడం ఎప్పటినుంచో నేర్చుకోవాలని ఉండేది. అందరూ కొండలూ గుర్రాలూ వేస్తారు, నేను చేతులు వేశాను. పిండి పిసికే చేతులు, గొర్రె పేగులు కడిగే చేతులు, బోర్సోక్ పిండి ముక్కలు వేయిస్తుంటే నూనె చిట్లి కాలిన చేతులు. మొదట్లో వేళ్లు క్యారెట్ల లాగా వచ్చేవి. చెరిపి మళ్లీ వేసేదాన్ని. ఒకనాటికి మా అత్తగారి చెయ్యి, ఉబ్బిన కణుపులతో సహా, సరిగ్గా వచ్చింది. ఆవు పక్కన ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా నవ్వేశాను. బేగిమాయ్ అని నాకో పేరుందని, ఆ మనిషి ఇంకా ఉందని నాకు నమ్మకం కుదిరింది ఆ పొద్దునే.

బ్లాగు పేరు 'సగం గిన్నె'. రాసింది ఎవరో చెప్పలేదు, 'ఒక కోడలు' అని ఊరుకున్నాను. టీ గురించి రాశాను. బడి గురించి రాశాను. నేను అక్కడ లైబ్రరీ చూస్తాను, కానీ తనిఖీకి ఎవరైనా వస్తే హెడ్‌మాస్టర్ గుమ్మంలో నిలబడి, "చెల్లెమ్మా, కాస్త పుస్తకాలు పక్కన పెట్టి టీ సంగతి చూడు, నీ చేతి టీ అయితే ఆ రుచే వేరు" అంటాడు. లెక్కల మాస్టారు చేతి టీ రుచి ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇవన్నీ రాశాను. చదివేవాళ్లు పెరిగారు, అందరూ ఆడవాళ్లే. ఓష్ పట్నం నుంచి గుల్బర్చిన్ అని ఒకావిడ ప్రతిసారీ రాసేది. "పిండి చేతుల్తోనే ఫోన్ పట్టుకుని చదివా. వేళ్లు అచ్చం నావే. నువ్వు మానకు, నువ్వు మానేస్తే నేను ఎవరితోనూ మాట్లాడనట్టే" అని రాసింది ఒకసారి. ఆ మాట కోసం ఎన్ని ఆవుల పాలైనా పితుకుతాననిపించింది.

మా తోడికోడలు కుందుజ్ బిష్కెక్‌లో ఉంటుంది. ఎవరో స్నేహితురాలు పంపితే తను కూడా నా బ్లాగు చదివింది. వేసవి మేతకి కొండ మీదికి వెళ్లడం గురించి రాసిన ముక్క అది. అందులో 'గురువారం మర్నాడు బయల్దేరాం' అని ఉంది. లోకంలో ఎవరైనా ఆ మాట దాటి చదువుకుంటూ పోతారు. అదే మామగారికి తనూ కోడలే కనక కుందుజ్ ఆగిపోయింది. నేను పేరు దాచాను, ఊరు దాచాను, ఆవు రంగు కూడా మార్చాను. ఆయన పేరుని మాత్రం ఎంత మర్యాదగా దాచానంటే అదే నన్ను బయట పెట్టింది. పాపం కుందుజ్‌కి చెడ్డ ఉద్దేశం లేదు, సంతోషం పట్టలేక కుటుంబం గ్రూపులో పెట్టేసింది. 'చూశారా, ఇది మన బేగిమాయే! ఎంత బాగా రాస్తుందో!' అని. మా ఆయన మిర్లాన్ ఆ ఒక్కటీ చదివి ఆగలేదు, కిందికి లాక్కుంటూ మొదటి దాకా వెళ్లాడు.

ఆ సాయంత్రం పంచాయితీ. టీ ఎవరు పోస్తారు? నేనే. నా తప్పు మీద విచారణ, నా చేతి టీ తాగుతూ. మిర్లాన్ ఫోన్లోంచి పైకి చదువుతుంటే నా మాటలు నాకే పరాయిగా వినిపించాయి. పాకలో కూర్చుని రాసినప్పుడు అవి నిజాలు, గదిలో వింటుంటే చాడీలు.

"నా చెయ్యి అంత ముసలిదా?" అంది అత్తగారు, బొమ్మ చూసి, చెయ్యి దీపం కేసి పెట్టుకుని. "మా అత్త ముందు నేను తలెత్తి ఎరగను. దీనికి ఊరంతా చదువుకునేలా రాసే తీరిక దొరికింది. పని తక్కువైనట్టుంది."

"నిన్ను నేను కొట్టానా? తాగొచ్చి గొడవ చేశానా? ఈ ఏడుపంతా దేనికి?" అన్నాడు మిర్లాన్.

జవాబు నోటిదాకా వచ్చింది. కొట్టకపోవడం కూడా ఒక ఉపకారమేనా అని. ఇంతలో మామగారి గిన్నె ఖాళీ అయింది, పోశాను. మనసులో మాత్రం సిద్ధంగానే ఉన్నాను. మానెయ్యమంటారు, ఫోన్ లాక్కుంటారు, లాక్కోనీ. లాక్కున్నారంటే అది నాదని ఒప్పుకున్నట్టేగా. ఆ మాత్రం గౌరవం దక్కుతుందని ఆశపడ్డాను.

మామగారు మెల్లగా అడిగారు: "ఎంతమంది చదువుతున్నార్రా దీన్ని?"

మిర్లాన్ చూశాడు. మళ్లీ చూశాడు. గొంతు మారిపోయింది. "నాన్నా, మన గుడారాలకి మొత్తం వేసవిలో వచ్చేవాళ్లకంటే ఎక్కువమంది ఒక్కో ముక్కని చదువుతున్నారు."

సోంగ్ కోల్ సరస్సు దగ్గర మాకు అతిథుల కోసం ఉన్ని గుడారాలున్నాయి. ఇక అక్కణ్నుంచి ఎవరికీ నా మీద కోపం లేదు. నేను చూస్తుండగానే నా బ్లాగు ఇంటి గొర్రెల్లో కలిసిపోయింది. గుడారాల గురించి రాయాలి, గుర్రపు పాల గురించి రాయాలి, సరస్సు ఫోటోలు పెట్టాలి. "చేతులేంటమ్మా, చేతులెవరు చూస్తారు? గుర్రం వెయ్యి, నవ్వుతూ ఉండే పిల్లల్ని వెయ్యి" అన్నాడు మిర్లాన్, ఎంతో ప్రేమగా.

"ఆ పేరు మార్చండ్రా ముందు. సగం గిన్నేంటి, దరిద్రంగా! ఇంటి పెద్ద పేరు పెట్టుకుంటే కలిసొస్తుంది" అంది అత్తగారు.

అందరికీ నచ్చింది. మామగారు వద్దు వద్దంటూనే గడ్డం సవరించుకున్నారు. మిర్లాన్ నా దగ్గర పాస్‌వర్డ్ తీసుకుని, మార్చేసి, అక్కడికక్కడే ఆయన పేరు పెట్టేశాడు. పెళ్లయిన పిల్లకి ఇంటిపేరు మార్చినట్టు, నాకున్న ఒకే ఒక్క చోటికి నేను పలకలేని పేరు పెట్టారు. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టినా నవ్వుకునేవారేమో.

మర్నాడు పొద్దున పాకలోకి వచ్చాడు మిర్లాన్. పెళ్లయ్యాక ఆ వేళప్పుడు అతను అక్కడికి రావడం అదే మొదలు. పాత ముక్కలు తీసేశానని చెప్పాడు.

"అన్నీనా? బొమ్మలు కూడానా?" అన్నాను.

"రేపు అతిథులు చదివితే మనింటి గురించి ఏమనుకుంటారు? నీ సరదాని ఎవరు కాదన్నారే? ఇంటికి పనికొచ్చేలా చేసుకోమంటున్నా, అంతేగా. అమ్మ కూడా ఎంత మురిసిపోతోందో తెలుసా? ఎదురింటావిడకి చెప్పింది, మా కోడలు బ్లాగర్ అని."

ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది, ఆ మంట చల్లారాక ఏమీ మిగల్లేదు. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది. కొత్తది ఇంకోటి మొదలుపెట్టొచ్చు కదా అని మీరు అడుగుతారు. నన్ను నేనూ అదే అడిగాను. బకెట్ బోర్లించి కూర్చున్నాను కూడా. మొదటి వాక్యం మొదలుపెట్టగానే ఇది అతిథులకి నచ్చుతుందా అన్నది ముందు, నేనేమనుకుంటున్నానన్నది తర్వాత తోచింది. చెయ్యి వేద్దామని కూర్చుంటే గుర్రం వచ్చింది. బాగానే వచ్చింది, మిర్లాన్ మెచ్చుకున్నాడు.

ఇప్పుడు రోజూ రాస్తున్నాను. తెల్ల తలగుడ్డ కట్టుకుని సమోవార్ పక్కన నవ్వుతున్న నా ఫోటో అన్నిటికంటే పైన ఉంటుంది. అతిథులు ఆ ఫోటో చూపించి, "నువ్వేగా!" అంటారు. హెడ్‌మాస్టర్ కూడా చూశాడట, బడి గురించి ఒక మంచి ముక్క రాయమన్నాడు. ఎవరు ఏం అడిగినా ఆ రోజే జవాబు ఇవ్వాలి, అప్పుడే నమ్మకంగా వస్తారని మిర్లాన్ నియమం పెట్టాడు. గుడారంలో స్నానానికి వేడినీళ్లు ఉంటాయా అని ఒకరు, పిల్లలకి గుర్రపు పాలు పడతాయా అని ఒకరు. అందరికీ మర్యాదగా, చివర ఒక పువ్వు బొమ్మ పెట్టి జవాబు రాస్తాను.

ఈ ఉదయం వాటి మధ్య గుల్బర్చిన్ పేరు కనపడింది. "ఇక్కడ ఇదివరకు ఒకమ్మాయి రాసేది. చేతుల బొమ్మలు వేసేది. రోజూ వెతుకుతున్నాను, కనపడటం లేదు. తనకేమైంది? మీకెవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి" అని ఉంది.

అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. అత్తగారు టీకి కేకేస్తుంటే, జరిగింది జరిగినట్టే రాసి లేచాను.

"ఆ అమ్మాయికి పెళ్లయిపోయిందండీ."