మా అక్క బొమ్మల వీపులు

మా అక్క శిల్పి. నలభై ఏళ్ళుగా నిలువెత్తు మట్టి బొమ్మలు చేసి కంచులో పోత పోయిస్తోంది. మొదటి బొమ్మ నుంచి మొన్నటి బొమ్మ దాకా అన్నీ ఒకచోట చేర్చి గ్యాలరీవాళ్ళు ప్రదర్శన పెట్టారు. ఇంకొకరైతే గాల్లో తేలిపోయేవారు. మా అక్క మాత్రం, "ఇదే ఆఖరు. ఇక మట్టి ముట్టను" అని తేల్చేసింది.

కారణం కళ్ళు. రెండూ మసకబారాయి. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. ఇక మెరుగుపడవని డాక్టరు చెప్పేశాడు. "కనపడకుండా బొమ్మలేం చేస్తానే?" అంటుంది. నాకసలే ముక్కు మీద కోపం. అరిచాను, బతిమాలాను, మాటలు మానేశాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

జనం రాకముందే చూస్తానంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. తలుపు దాటగానే నా గుండె జారిపోయింది. బొమ్మలన్నింటినీ హాలు మధ్యలో నిలబెట్టారు.

అందులో గుండె జారేదేముంది అంటారేమో. అక్క పని చేసేది ఇంటి పక్క కారు షెడ్డులో. షెడ్డని పేరే గానీ అదొక సందు. బొమ్మ నిలబెడితే వెనక మనిషి పట్టడు. అందుకని ముందువైపు చూస్తూ చేసేది. వెనకవైపుకి మాత్రం, బొమ్మకూ గోడకూ మధ్య చెయ్యి దూర్చి, చెంప మట్టికి ఆనించి, తడుముకుంటూ నొక్కేది. ఆ వీపులంటే ఆమెకు మహా సిగ్గు. చూడకుండా చేసిన పని పనేనా అని, ఎక్కడికి పంపినా గోడకు ఆనించి పెట్టించేది. మా ఇంట్లో బొమ్మలకు వీపులుండవు. అదెంత మామూలైపోయిందంటే, గ్యాలరీవాళ్ళకు చెప్పాలని నాకు తట్టనే లేదు.

"ఏమే, అన్నీ మధ్యలో ఉన్నాయేంటి?" అంది అక్క.

"గోడకు జరిపించేస్తానక్కా, ఒక్క నిమిషం."

"నా పరువు తీశారు కదే! గోడకు పెట్టకపోతే ప్రదర్శనే వద్దని చెప్పు!"

నిర్వాహకురాలి కోసం పరుగెత్తబోతూ మొదటి బొమ్మ వెనక ఆగిపోయాను. అది మా అమ్మ, కుట్టుమిషను దగ్గర కూర్చున్న అమ్మ. ముందువైపు పత్రికల్లో ఎన్నిసార్లు పడిందో! వెనకవైపు నేనూ ఎన్నడూ చూడలేదు. వంగిన మెడ, నొప్పి దాచుకుంటూ కొంచెం పైకెత్తిన ఎడమ భుజం, వాటి నిండా చెరగని వేలిముద్రలు. అమ్మ పోయాక ఆమెను ఇంత దగ్గరగా చూడటం ఇదే.

పక్కన బస్తా మోసే మనిషి. బరువంతా అతని నడుంలోనే ఉంది. ఆ తర్వాత తల దువ్వుకుంటున్న పిల్ల. ఏళ్ళు గడిచేకొద్దీ ముందువైపులు నునుపుదేరాయి గానీ, వీపుల్లో మొదటినాటి ప్రాణం ఎక్కడా తగ్గలేదు. మా అక్క గొప్పదని నాకెప్పుడూ తెలుసు. ఇంత గొప్పదని మాత్రం తెలియదు.

"వెళ్ళావా లేదా?"

"వెళ్ళను. నువ్వే ఇటు రా." ఆమె చెయ్యి లాగి అమ్మ వీపు మీద పెట్టాను.

కాపలా మనిషి పరుగున వచ్చాడు. "ముట్టుకోకూడదమ్మా!"

"చేసిందే ఆవిడ. నువ్వెళ్ళు నాయనా!" అని కసిరాను.

అక్క అరచెయ్యి మెడ మీంచి మెల్లగా దిగి, ఎడమ భుజం దగ్గర ఆగింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఈ నొప్పి సంగతి అమ్మ ఎవరికీ చెప్పేది కాదు. ఇది నేనే చేశానా?"

"ఇంకెవరు? ఆ సందులో నీ చెయ్యి తప్ప ఏదీ దూరదు."

నా చెయ్యి వదిలేసి బస్తా మనిషి దగ్గరికి తనే నడిచింది. అక్కణ్ణించి పిల్ల దగ్గరికి. ఒక్కొక్క వీపూ తడుముతూ హాలంతా తిరిగింది. నాకు ఏడుపాగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. మా అరుపులు విని వచ్చిన నిర్వాహకురాలు, బొమ్మల్ని గోడకు జరిపించమంటారా అని భయంభయంగా అడిగింది.

"వద్దమ్మా, ఉండనీ" అంది అక్క, చివరి బొమ్మ మీంచి చెయ్యి తియ్యకుండానే. తర్వాత నన్ను పిలిచింది. "ఇది మొన్న చేసింది కదూ? నడుం దగ్గర తొందరపడ్డాను." ఆ చోటునే మళ్ళీ మళ్ళీ వేళ్ళతో వెతికింది. "లాభం లేదు. ఇది మళ్ళీ చెయ్యాలి."