పెద్దాయన తర్వాత పదిహేను నిమిషాలు

ఎనిమిది నెలలు కమిటీ ప్రాణాలు తోడేసి నేను సంపాదించింది పదిహేను నిమిషాలు. మెదడుకీ రోగనిరోధక శక్తికీ ఉన్న సంబంధం మీద మూడు రోజుల సదస్సు. ప్రొఫెసర్లకు గంటలకు గంటలు. ఇప్పుడిప్పుడే పరిశోధనలోకి వచ్చిన పిల్లలకు మాత్రం కాఫీ బల్లల పక్కన పోస్టరు తగిలించుకునే భాగ్యం. వాళ్లనీ వేదిక ఎక్కించండని పోరగా పోరగా, ఐదుగురికి తలా మూడు నిమిషాలు విదిలించారు.

ఆ పదిహేను నిమిషాల్నీ పెద్దాయన ప్రసంగం తర్వాత పెట్టించింది నేనే. ఆయనంటే హాలు కిక్కిరిసిపోతుంది, ఆ జనమే పిల్లల మాటా వింటారని నా తెలివి. పెద్దాయన దగ్గరే నేను పీహెచ్‌డీ చేశాను. సెషన్ నడిపేదీ నేనే. ఇంకేం, అంతా నా చేతిలోనే ఉందనుకున్నాను.

ఐదుగురిలో మొదటిది మా చిట్టి. అసలు పేరు వేరే ఉంది కానీ ల్యాబ్‌లో అందరికీ చిట్టే. తల్లి ఎలుకకు ఇన్‌ఫెక్షన్ సోకితే, పుట్టే పిల్లల మెదడులో రక్షక కణాలు గాడి తప్పుతాయని నాలుగేళ్లు కూర్చుని తేల్చింది. నెలాఖరుకు దాని ఫెలోషిప్ అయిపోతుంది. ముందు వరుసలో కూర్చున్న ఒక ల్యాబ్ అధిపతి దగ్గర ఒకే ఒక్క ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆవిడ భోజనం కూడా చేయకుండా విమానానికి వెళ్లిపోతారు. చిట్టికి ఉన్నవి ఆ మూడు నిమిషాలే.

పన్నెండుంబావుకు ముగించాల్సిన పెద్దాయన, సరిగ్గా పన్నెండుంబావుకు తన చిన్ననాటి ప్రయోగాల కథ ఎత్తుకున్నారు. టైమైపోయిందని పసుపు కార్డు చూపించాను. నవ్వారు. ఎర్ర కార్డు చూపించాను.

“మా అమ్మాయి నన్ను బెదిరిస్తోందండోయ్!” అన్నారు మైకులో.

హాలంతా గొల్లుమంది. సిగ్గులేకుండా నేనూ పళ్లికిలించాను. లేచి “సార్, ఇక చాలు” అనాలి. అంతే. నోరు పెగిలితే కదా! వేదిక పక్కన చిట్టి చేతిలో కాగితం నలిగి ఉండైపోయింది.

పన్నెండున్నరకు చప్పట్లు. కమిటీ కార్యదర్శి నా పక్కకొచ్చి, “పిల్లల సంగతి పోస్టర్ల దగ్గర చూసుకుందాం మేడమ్, ఆకలి మీద ఎవరు వింటారు?” అంటూనే మైకు లాక్కుని సెషన్ ముగిసిందని ప్రకటించేశాడు. వాడి పీక పిసకాలనిపించింది. ఈలోగా పెద్దాయన నా భుజం పట్టుకుని ఫొటోకి నిలబెట్టారు. నిలబడ్డాను కూడా! తల తిప్పి చూస్తే ముందు వరుసలో ఆవిడ లేరు.

“పదవే!” అని చిట్టి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తాను. ఆవిడ అప్పటికే కారులో కూర్చున్నారు. రొప్పుతూనే చిట్టి తన పని మొత్తం చెప్పేసింది. ఆవిడ అడిగిన ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చింది.

ఆవిడ చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసుకున్నారు.

“నీకోసమే కూర్చున్నానమ్మా పొద్దుట్నుంచి. సెషన్ అయిపోయిందన్నారు, నువ్వు రాలేదేమో అనుకున్నాను. ఇప్పుడే ఇంకో అబ్బాయికి ఫోన్ చేసి ఉద్యోగం నీదేనని చెప్పేశాను.” తర్వాత నా వైపు తిరిగారు. “ఆయన్ని ఆపాల్సింది మీరే కదండీ?”

“మేడమ్ కార్డు చూపించారండి, పాపం. రెండుసార్లు చూపించారు,” అంది చిట్టి.

“చూశాను,” అన్నారావిడ. కారు కదిలిపోయింది.

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిట్టి కళ్లు తుడుచుకుని, “పర్లేదు మేడమ్, మీరేం చేస్తారు?” అంది.

“నోర్ముయ్! ఇంకోసారి పర్లేదన్నావంటే ఊరుకోను!” అని అరిచాను. పార్కింగ్‌లో నలుగురూ ఆగి చూశారు. పెద్దాయన ముందు పెగలని గొంతు, ఆ పిల్ల మీద మాత్రం ఎంత బాగా లేచిందో!