కుంటిబల్ల కింది నిఘంటువు

నేను ఒక ఇంగ్లీషు నిఘంటువును. యోసేపు మాస్టారు పోయిన రోజున నన్ను స్టాఫ్‌రూములోని కుంటిబల్ల కాలి కింద పెట్టారు. సంతాప సభ ఆ బల్ల చుట్టూనే జరిగింది. బల్ల ఊగడం లేదని అందరూ సంతోషించారు.

నన్ను మొదట కొన్నది ఒక ప్లీడరు. అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవాళ్లకు దూరం నుంచి చూపించేవాడు. ఒక్కసారీ తెరవలేదు. ఆయన తర్వాత పాతపుస్తకాల కొట్లో మాస్టారు కొన్నారు. చూసిన ప్రతి మాట పక్కనా పెన్సిలుతో చుక్క పెట్టేవారు.

"ఎందుకండీ ఈ చుక్కలు?" అని భార్య సలోమి టీచర్ అడిగితే, "పలకరించి వచ్చిన ఇళ్లకు గుర్తు" అనేవారు.

ఆయన పోయాక ఆయన చెప్పే టెన్తు క్లాసు ఆవిడకే ఇచ్చారు. పాఠం మధ్యలో ఆగిపోయి కిటికీ వైపు చూస్తుండేది. ఒక సాయంత్రం మీటింగులో హెడ్మాస్టరు కుటుంబయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"టీచరుగారూ, మీరు మరీ లాకడెయిజికల్‌గా ఉంటున్నారు. టెన్తు ఇంకొకరికి ఇద్దాం."

ఆ మాటకు అర్థం ఆ గదిలో ఎవరికీ తెలియదు. అందరూ తలలూపారు.

సలోమి టీచర్ వంగి నన్ను లాగింది. బల్ల ఒరిగి, కుటుంబయ్యగారి టీ ఆయన ఒళ్లోనే పడింది.

"దేనిమీదా మనసు లేకుండా, నీరసంగా ఉండడమట" అని చదివింది.

"నేనన్నదీ అదేగా!"

"ఈ మాట పుట్టుక కూడా రాశారండీ. ఒకప్పుడు 'అలాక్ ద డే' అని ఏడ్చేవారట, 'అయ్యో, ఎంత పాడురోజు' అని. విన్నవాళ్లు ఆ ఏడుపును సాగదీసి, వెక్కిరించి ఈ మాట చేశారు."

నాలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒకరు ఏడుస్తారు, పక్కవాళ్లు విసుక్కుంటారు. చివరికి ఆ విసుగే అర్థమై కూర్చుంటుంది. మనుషులు చేసిన పని ఇది. నేను మోస్తున్నానంతే.

"పుట్టుకలతో మనకేం పనమ్మా? పరీక్షలో అడుగుతారా?" అన్నారాయన ప్యాంటు దులుపుకుంటూ. "ముందు ఆ పుస్తకం కింద పెట్టండి, బల్ల ఊగుతోంది."

ఎవరో కిసుక్కుమన్నారు.

టెన్తు పోయింది. నన్ను మాత్రం ఆవిడ కింద పెట్టలేదు. కొంగుతో దుమ్ము తుడిచి ఇంటికి తీసుకెళ్లింది.

ఇప్పుడు మాస్టారి కళ్లజోడు పక్కన ఉంటున్నాను. ఆవిడ అప్పుడప్పుడు ఆ పేజీ తీస్తుంది. అందులో చుక్కలు చాలానే ఉన్నాయి. ఈ మాట పక్కన లేదు. ఆయనకు దీనితో ఎప్పుడూ పని పడలేదు.

పెన్సిలు చెక్కి పెట్టుకుంది. చుక్క ఇంకా పెట్టలేదు.