గంటుముక్కు

అస్లౌగ్ పిన్ని కోటు వాసన కారంతా నిండిపోయింది. అద్దం దించితే ఆవిడకు చలి, ఎత్తితే నాకు నరకం. ముప్పై ఏళ్లుగా అదే కోటు. మా దీవుల్లో మెత్తటి నూగు ఈకల కోసం ఐడర్ అనే సముద్రపు బాతులకు కాపలా ఉండేవాళ్లు పొదిగే కాలంలో బట్టలు మార్చరు. మారిస్తే బాతులు మనిషిని పోల్చుకోలేక గుడ్ల మీంచి లేచిపోతాయి.

మసక ఆకారాలు తప్ప ఏమీ ఆననంతగా చూపు పోయి పిన్ని దీవి వదిలి మూడేళ్లయింది. ఆవిడ చేత్తో పేర్చిన రాతిగూట్లో ఏటా ఒక బాతు పొదిగేది. ముక్కుకు ఎడమపక్క చిన్న గంటు. దానికి గంటుముక్కు అని పేరు పెట్టుకుంది. అది ఇంకా ఉందా లేదా, అదొక్కటే ఆవిడకు కావాలి.

"అది తెలిస్తే చాలే. తర్వాత నన్నెక్కడికీ తిప్పక్కర్లేదు" అంది బయల్దేరేటప్పుడు.

రెండు రోజుల ప్రయాణం. మా దారులు తీరం వెంట పోయి పోయి నీళ్లలో ఆగిపోతాయి. పడవ వస్తుంది, కారుతో సహా ఎక్కుతాం, అవతలి ఒడ్డున దారి మళ్లీ మొదలవుతుంది. మా ఉత్తరాన చీకటి పడని రోజులవి. మూడో పడవ దాటేసరికి కొండలు కదులుతున్నాయో మేము కదులుతున్నామో తెలియలేదు. నిన్న ఎక్కడ అయిపోయిందో కూడా తెలియలేదు. అంతటా పల్చటి పాలలాంటి వెలుగు, అందులో పిట్టల అరుపులు. నాకు నిద్రలో కారు నడుపుతున్నట్టే ఉంది.

దారిలో కనిపించిన పిట్టల పేర్లు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. పిన్ని పక్కన కూర్చుని చెబుతూ వచ్చింది.

"అదుగో, తెల్లతోక డేగ."

అది విరిగిన కరెంటు స్తంభం. "అవును పిన్నీ" అన్నాను.

"ఆ పొలంలో మంచు గుడ్లగూబ చూడవే."

తెల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డిమోపు. "అబ్బ, ఎంత తెల్లగా ఉందో" అన్నాను. పాపం, చూపు లేని మనిషి. గుడ్లగూబ ఉందంటే నా సొమ్మేం పోయింది?

నాలుగో పడవలో పిన్ని వాఫుల్ అట్టు మీద గోధుమరంగు చీజు పెట్టుకుని తింటూ రేవువైపు వేలు చూపించింది. "నల్లహంస కదూ?"

రేవుగోడకు వేలాడదీసిన పాత టైర్లు. "రెండున్నాయి పిన్నీ" అని, ఆవిడకు పెన్ను చప్పుడు వినిపించేలా డేగ, గుడ్లగూబల కింద వాటినీ పుస్తకంలో రాశాను.

"రెండా" అని వాఫుల్ నమలసాగింది.

చివరి రేవులో ఐలిఫ్ చిన్న పడవతో సిద్ధంగా ఉన్నాడు. పిన్ని వచ్చేశాక గూళ్ల బాధ్యత అతనిదే.

"కోటు మార్చలేదు గదా అక్కా?"

"మారిస్తే నువ్వే నన్ను పోల్చుకోలేవు గదరా. గూట్లో ఉందా అది?"

"ఏదో ఒకటి కూర్చుంది. నన్ను దగ్గరికి రానిస్తేగా గంటు చూడటానికి" అని నావైపు తిరిగాడు. "ఆ ఎర్ర జాకెట్టు పడవలోనే వదిలెయ్యమ్మా. తుమ్మొచ్చినా మింగెయ్."

దీవిలో పిన్ని తడబడలేదు. "వచ్చానే, వచ్చానే" అని సన్నగా గొణుగుతూ రాళ్ల మధ్య నడిచిపోయింది. నేను పది అంగల వెనక గడ్డిలో బోర్లా పడుకుని బైనాక్యులర్ పెట్టుకున్నాను. గూట్లో రాయిరంగు బాతు. తల తిప్పింది. ముక్కుకు ఎడమపక్క గంటు.

"ఉంది పిన్నీ. గంటుముక్కే" అన్నాను గుసగుసగా.

పిన్ని వెనక్కి తిరగలేదు. "నల్లహంసలు కూడా ఉన్నాయన్నావు. అదీ రెండు."

"పిన్నీ, ఇది నిజం."

"మే నెలలో మన తీరాన మంచు గుడ్లగూబ ఎక్కడిదే? నీ మాట ఎంతవరకు నమ్మొచ్చో చూద్దామనే దారంతా అడిగాను. ఈ ఒక్కదానికి నీ కళ్లే దిక్కనుకున్నా."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రెండు రోజులుగా ఆవిణ్ణి చంటిపిల్లలా ఆడిస్తున్నాననుకున్నాను. ఒట్టు వేద్దామనుకున్నాను గానీ, నా ఒట్టుకు మాత్రం విలువేముంది?

పిన్ని మోకాళ్ల మీద కూర్చుంది. పొదిగే బాతు మొహం ముట్టుకోవడం ముప్పై ఏళ్లలో ఆవిడా చేయని పని. లేచిపోతే గుడ్లు సీగల్స్ పాలు. వేలు మెల్లగా ముందుకు పోయింది. బాతు కోటు అంచు కొరికి చూసి వదిలేసింది. వేలు ముక్కు వెంట జారి, ఎడమపక్క ఒకచోట ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ముసలిదానివైపోయావే" అంది పిన్ని బాతుతో.

తిరిగి పడవలో కూర్చున్నాక నన్ను పిలిచింది. "పుస్తకం తియ్యి. డేగ కొట్టెయ్. గుడ్లగూబ కొట్టెయ్. హంసలు రెండూ కొట్టెయ్."

కొట్టేశాను.

"గంటుముక్కు అని రాయి. రాశావా?"

"రాశాను పిన్నీ."

పిన్ని చెయ్యి చాపి, కాగితం మీద పెన్ను నొక్కిన గీతల్ని వేలితో తడిమి చూసుకుంది.